చిన్నాయన ఫోనుకు కొనిపించిన యాంటీవైరస్

నల్లగొండ దగ్గర మా చిన్నాయనకు బత్తాయి తోట ఉంది. కొడుకు చదువుకు కొన్న పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే పోయిన ఏడాది పట్టణంలో ఒక దుకాణంలో ఇచ్చి మళ్లీ విండోస్ వేయించాడు. అక్కడివాళ్లు ల్యాప్‌టాప్‌కూ ఫోనుకూ కలిపి యాంటీవైరస్ అంటగట్టారు. అది లేకపోతే బ్యాంకులో డబ్బు పోతుందని భయపెట్టి పన్నెండు వందలు కట్టించుకున్నారు. నాలుగు నెలలు తిరగకముందే డబ్బు పోయింది. ఆ యాంటీవైరస్ ఫోనులో ఉండగానే పోయింది.

తరువాత ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే నాకు కోపం ఆగలేదు. వేసింది దొంగ విండోస్. దాన్ని అసలుదిగా చూపించే సాధనాన్ని విండోస్‌లోనే ఉండే రక్షణ ప్రోగ్రాం డిఫెండర్ పట్టుకుంటుంది కనుక ముందు డిఫెండర్‌నే ఆపేశారు. అప్‌డేట్లూ ఆపేశారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ యాంటీవైరస్‌గా ఉచితంగా విండోస్‌తోనే వస్తోంది. ఇంటికి ఉన్న తలుపు ఊడబీకి, కొత్త తలుపు కొనకపోతే దొంగలు పడతారని చెప్పడం కాదా ఇది?

అప్‌డేట్లు ఆపడం అంతకన్నా పెద్ద తప్పు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు, అది దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది. చాలామంది వేసుకోలేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మన జిరాక్స్ షాపుల్లో ఇంకా అంతకన్నా పాత విండోస్ 7 కనిపిస్తుంది, రోజంతా పిల్లల పెన్‌డ్రైవ్‌లు అందులో పెడుతూ తీస్తూ ఉంటారు. రైస్ మిల్లు ఆఫీసులాగా నలుగురు వాడే కంప్యూటర్లు ఉన్నచోట డబ్బు పెట్టి అదనపు రక్షణ కొంటే నేను తప్పనను. కానీ లెక్కల ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి విడిగా దాచడం ముందు నేర్చుకోవాలి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అసలైన విండోస్, ఆన్‌లో ఉన్న డిఫెండర్, ఆగని అప్‌డేట్లు చాలు.

ఇక ఫోను సంగతి. ఊరి వాట్సాప్ గ్రూపులో, తెలిసినవాళ్ల నంబరు నుంచే, పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోనులో యాప్‌ను దించే ఫైలు, వచ్చింది. వెంటనే ఈ-కేవైసీ చేయకపోతే విడత ఆగిపోతుందని దాంతో పాటే రాశారు. రెండు వేల విడత ఆగుతుందంటే కలిగే భయం ఎలాంటిదో పాసుపుస్తకం పట్టుకుని మీసేవ ముందు నిలబడినవాళ్లకే తెలుస్తుంది. చిన్నాయన దాన్ని నొక్కాడు. ఫోను హెచ్చరించినా ఇన్‌స్టాల్ చేశాడు. మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చాడు, కార్డు వివరాలు అడిగితే నింపాడు. ఆ తరువాత ఓటీపీలు ఆయన చూసేలోపే దొంగలకు చేరాయి. అదే ఫైలు ఆయన పేరుతో మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది.

యాంటీవైరస్ ఎందుకు ఆపలేదు? ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌నూ దాని గదిలోనే ఉంచుతుంది. యాంటీవైరస్ కూడా ఒక యాప్ మాత్రమే, పక్క గదిలోకి తొంగి చూడలేదు. ఫైలును తనకు తెలిసిన దొంగల జాబితాతో పోల్చగలదు గానీ, నిన్న తయారైన ఏపీకే ఆ జాబితాలో ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా వీటిలో నాసిరకం ఎంతో! 2019లో యాంటీవైరస్‌లను పరీక్షించే ఏవీ-కంపారెటివ్స్ సంస్థ 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లను పరీక్షిస్తే, హానికర యాప్‌లలో 30 శాతానికి మించి పట్టుకున్నవి 80 మాత్రమే. యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఎలాగూ ఫోనుతోనే వస్తుంది. ఐఫోనులోనైతే పక్క యాప్‌లను తనిఖీ చేసే వీలే వీటికి లేదు.

చిన్నాయన సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. డబ్బు చేతులు మారకముందే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే బ్యాంకులు దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. రెండు రోజులకు ఏం మిగులుతుంది? "బిడ్డా, మరి నేను కట్టిన పన్నెండు వందలు దేనికి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బు తీసుకున్నవాళ్లు ఆ ఒక్క నంబరైనా ఆయన ఫోనులో వేసి ఇవ్వలేదు. ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నాను. గ్రూపులో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి 1930 ఫోనులో వేసి, ఏపీకే వస్తే నొక్కకముందే నాకు ఫోను చేయమని చెప్పి వస్తాను, అర్ధరాత్రి అయినా సరే.