నొక్కు, పట్టుకో, వదులు

కార్ల రేసు ట్రాక్ మీద నాలుగో ల్యాపు. పొడుగాటి స్ట్రెయిట్ చివర, గంటకు 180 కిలోమీటర్ల వేగంలో ఉండగా బ్రేకు తొక్కితే, పెడల్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా నేల దాకా వెళ్ళి పడుకుంది. రెండోసారి తొక్కాను, మూడోసారి తొక్కాను, తర్వాత కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కుతూనే ఉన్నాను. కాస్త గట్టిపడింది, కాస్త వేగం తగ్గింది, మిగతా సంగతి మలుపు అవతలున్న కంకర చూసుకుంది. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దుమ్ము సర్దుకునేదాకా ఆగి, హెల్మెట్ లోంచే ఒక్క ప్రశ్న అడిగాడు. "బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు?"

దానికి జవాబు నాకు తెలుసు గానీ, బయటికి చెప్పుకునేలా లేదు. ఇంజిన్ ఆయిల్ మారుస్తాం, సరే. మన కాలి బలాన్ని చక్రాల దాకా మోసే ద్రవం, ఈ బ్రేక్ ఫ్లూయిడ్ కూడా పాతబడుతుందనీ, కారు నడపకపోయినా ఊరికే కూర్చునే పాతబడుతుందనీ నాకెవరు చెప్పారు? అది గాల్లో తేమని పీల్చుకుంటుందట. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. నీళ్ళు చేరేకొద్దీ ఆ అంకె దిగుతూ 155 దాకా రావచ్చు. చక్రంతో పాటు తిరిగే డిస్కుని పిస్టన్లతో, ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టే కాలిపర్‌లో ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, బుడగ నలుగుతుంది, అంచేత మన కాలి బలమంతా డిస్కుని పట్టుకోవడం మానేసి బుడగల్ని బుజ్జగించడానికి ఖర్చయిపోతుంది. 1400 కిలోల కారు 180 నుంచి సున్నాకి వచ్చినప్పుడు పుట్టే వేడితో ఐదు లీటర్ల చన్నీళ్ళు మరగబెట్టొచ్చు. నేను ల్యాపుకోసారి దాదాపు ఆ పనే చేస్తున్నాను, మధ్యలో చిన్న మలుపులకి చెంబుడు చెంబుడు అదనం.

ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన మందు చాలా చిన్నది. ఎక్కువ వేడి తట్టుకునే ఫ్లూయిడ్ పోయించండి, ట్రాక్ ప్యాడ్లు వేయించండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు. నాకు వినపడింది "మిగతాది" ఒక్కటే.

ఆ మిగతాది ఎర్రగా ఉంది. ఆరు పిస్టన్ల కాలిపర్, దాని వెనక పళ్ళెమంత డిస్కు, చక్రం సందుల్లోంచి కనిపిస్తూ ఉంటుంది. నా పాత కాలిపర్ ఒక పిస్టన్‌తో, తుప్పు రంగులో, ఏదో పాపం చేసినదానిలా చక్రం చాటున దాక్కుని ఉండేది. కార్ల సంగతి నిజంగా తెలిసిన స్నేహితుడు ఒకడున్నాడు, వాణ్ణి అడిగితే ఎదురు ప్రశ్న వేశాడు. "గట్టిగా తొక్కితే ఏబీఎస్ టకటకమంటోందా?" చక్రం బిగుసుకుపోయి జారకుండా బ్రేకుని పట్టి వదిలే ఏర్పాటే ఏబీఎస్.

"అంటోంది."

"అంటే చక్రాన్ని బిగించేసే బలం నీ బ్రేకుకి ఇప్పుడే ఉందిరా. కారుని ఆపేది చివరికి టైరు. పెద్ద బ్రేకు పెడితే పదిసార్లు వరసగా ఆపినా వేడి తట్టుకుంటుంది తప్ప, ఒక్కసారి ఆపడానికి దూరం తగ్గదు. నీకెందుకు కావాలి?"

ఎర్రగా ఉందని వాడికి చెప్పలేదు. ఇంట్లో మాత్రం వేరే పద్ధతిలో వెళ్ళాను. 1953లో లె మాన్స్ 24 గంటల రేసుని జాగ్వార్ సి-టైప్ గెలిచిందంటే అందులో డిస్క్ బ్రేకుల పాత్ర ఎంతుందో, అప్పటికింకా పాత పద్ధతి డ్రమ్ము బ్రేకులు నమ్ముకున్నవాళ్ళు మలుపులకి ఎంత ముందు నుంచి కాలు పెట్టాల్సొచ్చేదో, మా ఆవిడకి పావుగంట వివరించాను. అంతా విని, "మన కారుకున్నవి డిస్కులే కదండీ?" అంది. డెబ్బై ఏళ్ళ చరిత్ర అక్కడికక్కడ ఆగిపోయింది. ఎంతయిందో ఇక్కడ రాయను, ఆవిడ కూడా ఇది చదువుతుంది.

పెట్టె వచ్చింది. పాతవి విప్పాను, కొత్తవి బిగించాను, ముందు చక్రం ఎత్తి పెట్టబోతే లోపలికి వెళ్ళదు. చక్రం ఊచలు సరిగ్గా కాలిపర్ బుగ్గకి ఆనుకుని నిలబడ్డాయి. పెట్టె అడుగున కాలిపర్ ఆకారంలో ఒక అట్టముక్క ఉంది. కత్తిరించుకుని, కొనకముందే చక్రంలో పెట్టి చూసుకోమని ఇలాంటి నమూనా ముందే ఇస్తారట. కొన్నాక చూశాను కాబట్టి ఆ అట్టముక్క ఖరీదు కొత్త చక్రాలు, వాటికి సరిపడే కొత్త టైర్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు ఆకుల బదులు అట్ట దొరికింది. ఈ భాగం ఇంతటితో వదిలేస్తాను.

అసలు కథ బ్లీడింగ్‌లో ఉంది. పైపులు విప్పాక వాటిలోకి గాలి చేరుతుంది, ఆ గాలిని బయటికి పంపాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని, కాలిపర్‌లో గాలి పోయే దారికి ఉండే చిన్న మరని, అదే నిపిల్‌ని పావు తిప్పు తిప్పాలి, ఫ్లూయిడ్ బుడగలతో సహా గొట్టంలోంచి సీసాలోకి వస్తుంది, నిపిల్ బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. బిగించకముందే వదిలితే బయటి గాలిని తిరిగి లోపలికి లాక్కుంటుంది. చూస్తే ఇద్దరు మనుషులు, మూడు మాటలు. నొక్కు, పట్టుకో, వదులు.

ఆ మూడో మాట దగ్గర తెలుగు మమ్మల్ని దెబ్బకొట్టింది. నేను స్పానర్ పెట్టి, మనసులో ఉన్నది పైకి అనే అలవాటు కొద్దీ "వదులు అవుతోంది" అన్నాను, నిపిల్ గురించి. లోపల ఆవిడకి మొదటి మాటే వినపడింది, కాలు తీసేసింది. గొట్టంలో బయటికి వస్తున్న ఫ్లూయిడ్ మనసు మార్చుకుని గబగబా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎందుకు వదిలావ్?"

"మీరే కదా వదులు అన్నారు!"

"నేనన్నది నిపిల్ వదులైందని."

"అయితే ఆ ముక్క దానికే చెప్పుకోండి, నాకెందుకు చెప్తారు?"

ఇలా నాలుగైదుసార్లు అయ్యాక ఆవిడే నియమం పెట్టింది. నా నోటి నుంచి ఇక 'వదులు' అన్న మాట రాకూడదు, కాలు తియ్యాలంటే 'తియ్యి' అనాలి, మిగతా సమయంలో నోరు మూసుకుని ఉండాలి. ఈ నియమం తర్వాత పని చక్కగా సాగింది. నాలుగు చక్రాలూ చుట్టొచ్చాం. గొట్టంలో ఒక్క బుడగ లేదు, ఫ్లూయిడ్ లేత తేనె రంగులో తళతళలాడుతూ వస్తోంది. ఇంజిన్ స్టార్ట్ చేసి పెడల్ తొక్కితే అడుసు తొక్కినట్టుంది.

మళ్ళీ చుట్టొచ్చాం, అదే అడుసు. తొక్కనేల అని అప్పుడే అనుకోవాల్సింది, నేను ఇంకో సీసా తెరిచాను. ఈ గొడవలో ఒక చుక్క ఫెండర్ మీద పడిందన్న సంగతి గమనించలేదు. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది, పడిన వెంటనే నీళ్ళతో కడిగేయాలి. మర్నాడు పొద్దున చూస్తే అక్కడ చిటికెన వేలి గోరంత పెయింట్ ఉబ్బి, ఎండిన చర్మంలా లేచి ఉంది.

మూడు రోజులు, నాలుగు సీసాలు. రాత్రిళ్ళు నిద్రలో కూడా కుడికాలు కదులుతోందని ఫిర్యాదు వచ్చింది. స్నేహితుడికి ఫోన్ చేస్తే, పెడల్ వెనక ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్ సీల్ పోయి ఉంటుందన్నాడు. ఇంకొకరు ఏబీఎస్ పెట్టెలో గాలి ఇరుక్కుందనీ, కంప్యూటర్ తగిలించి దాని పంపు తిప్పితే తప్ప రాదనీ అన్నారు. అందరూ నిపుణులే, అందరూ దూరంగానే ఉన్నారు. నేను మాస్టర్ సిలిండర్ కొనడానికి మానసికంగా సిద్ధమైపోయాను, నిజం చెప్పాలంటే చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది కూడా.

మూడో రోజు సాయంత్రం మా ఆవిడ కాళ్ళు సాగదీసుకుందామని కారు దిగి, నేను కూర్చున్న చోటికొచ్చి టార్చ్ పట్టుకుంది. కాసేపు చూసి, "ఏవండీ, బుడగలు పైకి పోతాయా, కిందికి పోతాయా?" అంది.

"పైకి. అది కూడా తెలీదా?" ఈ రెండో వాక్యం అనకుండా ఉండాల్సింది.

"మరి గాలి పోయే దారి కిందికి ఉందేంటి?"

చూశాను. నిపిల్ కాలిపర్ అడుగున ఉంది. గాలి పైన హాయిగా కాపురం పెట్టుకుని కూర్చుంది, నేను మూడు రోజులుగా కింది నుంచి మంచి ఫ్లూయిడ్ తోడి సీసాల్లో పోస్తున్నాను. అవతలి వైపు వెళ్ళి చూస్తే అక్కడా అంతే. కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించాను. పెట్టె మీద ఎడమ, కుడి అని స్పష్టంగా అచ్చేసి ఉంది, కాకపోతే నేను విప్పేటప్పుడు కారుకి ఎదురుగా నిలబడ్డాను. నా ఎడమ చేతి వైపు ఉన్నది కారుకి కుడి. కారుకి ఎడమాకుడీ అంటే డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకి చూసే మనిషికి ఎడమాకుడీ అని నాకు తెలీక కాదు, ఆ క్షణంలో నేను కారుని మనిషిలా ఎదురుగా నిలబెట్టి పలకరిస్తున్నాను.

"ఆ కంపెనీ పేరు కూడా తలకిందులుగా ఉంది చూడండి" అంది. ఉంది. ఎర్ర కాలిపర్ మీద తెల్ల అక్షరాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆ ఫొటోనే నేను మొదటి రోజు గ్రూపులో పెట్టుకుని, ఇరవైమంది చేత శభాష్ అనిపించుకున్నాను. "నేను అప్పుడే చూశాను, ఇదో ఫ్యాషనేమో అనుకున్నా" అంది. ఇరవైమందిలో ఒక్కడు మాత్రం 'గబ్బిలాల వెర్షనా?' అని రాశాడు. నాకప్పుడు అర్థం కాలేదు, నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

విప్పి మార్చాను. వీటిలో పిస్టన్లు కూడా అన్నీ ఒకే సైజు కావు, డిస్కు తిరుగుతూ ప్యాడ్ కిందికి వచ్చే వైపు చిన్నవి, బయటికి పోయే వైపు పెద్దవి ఉంటాయి, లేకపోతే ప్యాడ్ ఒక పక్కే అరిగిపోతుంది. అంటే నేను గాలే కాదు, అది కూడా తిరగేశాను. డిస్కులకీ ఎడమాకుడీ ఉంటుంది, లోపలి గాలి సందులు వంపు తిరిగి ఉంటే ఆ వంపుని బట్టి. అవి మాత్రం సరిగ్గా పెట్టాను, ఎలాగో నాకూ తెలీదు. ఈసారి నిపిల్ తిప్పగానే గొట్టంలో తెల్లటి నురగ బుడబుడమంటూ వచ్చింది. ఆరోసారి నొక్కేసరికి లోపలి నుంచి "గట్టిగా అయిందండీ!" అని కేక. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి అంత సంతోషపడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తర్వాత ప్యాడ్లని డిస్కులకి మచ్చిక చెయ్యాలి. ఖాళీ రోడ్డు చూసుకుని, 100 నుంచి 20 దాకా గట్టిగా తగ్గించడం, పూర్తిగా ఆగకుండానే మళ్ళీ పరిగెత్తించడం, ఇలా పదిసార్లు. వేడి మీద ఆగి కాలు అలాగే ఉంచితే ప్యాడ్ మచ్చ డిస్కు మీద ఒకే చోట అచ్చు పడి, తర్వాత స్టీరింగ్ గజగజలాడుతుంది. చాలామంది డిస్కు వంకరపోయిందని దాన్నే తిట్టుకుంటారు. ఏడోసారికి వెనక దూరంగా వస్తున్న పెద్దాయన పక్కకొచ్చి అద్దం దించి, "ఏమైనా మర్చిపోయారా నాయనా?" అని అడిగాడు. కాలిన రబ్బరు లాంటి వాసన కారంతా నిండి ఉంది, నేను ఆగడానికి వీల్లేదు, చెయ్యి ఊపి వెళ్ళిపోయాను.

ట్రాక్ మీద అద్భుతంగా పనిచేశాయి. పదిహేను ల్యాపులు, పెడల్ మొదటి ల్యాపులో ఎక్కడుందో చివరి ల్యాపులోనూ అక్కడే. ఇందులో ఫ్లూయిడ్, ప్యాడ్ల వాటా ఎంత, ఎర్ర రంగు వాటా ఎంత అని ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు, వినపడనట్టు హెల్మెట్ సర్దుకున్నాను. చివరి ల్యాపు బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా తిరిగొచ్చి, హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా గేర్‌లో వదిలేశాను. ఈ సంగతులు ఈసారి ముందే చదువుకున్నాను లెండి.

తిరిగొచ్చేటప్పుడు తెలిసింది ట్రాక్ ప్యాడ్ స్వభావం. వేడి లేకపోతే దానికి పని మీద మనసుండదు, మొదటి సిగ్నల్ దగ్గర ఆలోచించి ఆగుతుంది. ఆగుతూ అరుస్తుంది. ఆ కీచు శబ్దం చిన్నదేమీ కాదు, లారీ ఏదో వస్తోందనుకుని పక్కకి తప్పుకున్నవాళ్ళు నా కారు చూసి మొహం చిట్లించారు. మా వీధి మలుపులో ఒక్కసారి తొక్కితే చాలు, నేను ఇంటికి చేరేసరికి గేటు తీసి ఉంటుంది. వారం రోజులకి చక్రాలు నల్లటి మసి పట్టి, ఎర్ర కాలిపర్ ఏ రంగో చెప్పడం కష్టమైంది.

ఆదివారం రోడ్డు ప్యాడ్లు తిరిగి వేద్దామని షెడ్డులోకి వెళ్ళాను. మా ఆవిడ అప్పటికే షెడ్డు గోడల మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలు రాసి పెట్టింది, ఒక గోడ మీద 'కారుకి ఎడమ', ఎదుటి గోడ మీద 'కారుకి కుడి'. జాక్ పెట్టి, ఎడమ గోడ వైపు చక్రం విప్పి, ఎడమ అని రాసున్న డబ్బాలోంచి ప్యాడ్ తీసి చేత్తో పట్టుకున్నాను. ఎంత తిప్పినా కూర్చోదు. ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, గోడ వంక చూసి, కారు వంక చూసి, బయటికి చూస్తున్న దాని ముక్కు వంక చూసింది. నిన్న రాత్రి రివర్స్‌లో పెట్టాను.

"ముందు చక్రం బిగించి, కారు తిప్పి పెట్టండి" అంది.