లేచి నిలబడమన్నారు, నిలబడ్డాం

మొన్న మన తెలుగు సంఘం జరిపిన విశ్వావసు ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం ముగిశాక, లాక్‌డౌన్ వచ్చి ఐదేళ్ళయిన సందర్భంగా ఒక చిన్న నాటిక వేశారు. అందులో ముసలి దంపతులిద్దరు కిటికీ దగ్గర కూర్చుని, ఫోను మోగుతుందేమోనని చూస్తూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు. నాటిక అయిపోగానే వ్యాఖ్యాత, "ఆ రోజుల్లో ఒంటరిగా మిగిలిపోయిన మన పెద్దలందరూ ఒక్కసారి లేచి నిలబడాలి" అని కోరారు. పక్కవారు చేయి పట్టి లేపితే నేనూ మా ఆవిడా లేచాం. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక ఆవిడ నా వైపు వంగి, "ఏమండీ, మనం ఒంటరిగా ఎప్పుడున్నాం?" అని అడిగింది. వారం రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

2020 మార్చి 25, బుధవారం, శార్వరి నామ సంవత్సర ఉగాది. ఇల్లు కదలవద్దన్న, అమెరికాలో మేముండే విస్కాన్సిన్ రాష్ట్రపు ఉత్తర్వు ఆ ఉదయం 8 గంటలకు అమల్లోకి వచ్చింది. భారతదేశంలో 21 రోజుల లాక్‌డౌన్ మొదలైనదీ ఆనాడే. శార్వరి అంటే రాత్రి. ఆ పేరు విని భయపడిన మాట నిజమే.

మాడిసన్‌లో మా ఇంటి నుంచి మెండోటా సరస్సుకు నడిచి వెళ్ళవచ్చు. సరస్సు అనేది నా మాట. మా ఆవిడకు అది మొదటినుంచీ చెరువే. ఆ వసంతమంతా పొద్దున్న ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి చెరువు గట్టుకు వెళ్ళి రావడం తప్ప మాకు వేరే ప్రయాణం లేదు. రెండు మడత కుర్చీలు నేను మోసేవాణ్ణి, కాఫీ ఫ్లాస్కు ఆవిడ పట్టుకునేది. సరుకుల చీటీలు రాసుకునే పాత నోటుపుస్తకంలో ఆవిడ చెరువు లెక్కలు రాయడం మొదలుపెట్టింది: గాలి ఎటునుంచి వీస్తోంది, లూన్ అనే నీటి పక్షులు ఎన్ని దిగాయి, ఏ రోజున ఉత్తరానికి వెళ్ళిపోయాయి. ఈ చెరువు ఏ ఏడు ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు విడిచిందో 1850ల నుంచి లెక్క రాసిపెట్టి ఉందని చెబితే, "అయితే దాని పక్కన మనదీ ఒకటి ఉంటుంది" అంది. స్వదేశాన్ని తలచుకుని కరిగిపోయే మనిషిని కాను నేను. అయినా ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడల్లా, సాయంత్రం వేళ అరుగు మీద మాటా పలుకూ లేకుండా పక్కపక్కన కూర్చునే మా అమ్మా నాన్నా కనిపించేవారు. వాళ్ళను చూసి ఒంటరివాళ్ళని ఎవరూ అనలేదు.

దుఃఖం లేకపోలేదు. ఏప్రిల్‌లో ఇండియాలో మా అన్నయ్య పోయాడు. విమానాలు ఆగిపోయాయి, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ప్రవేశం లేదు, అక్కడ కూడా అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్న నిబంధన. దహనం ఫోనులో చూశాను. పదో రోజున పురోహితుడు ఫోనులో మంత్రం చెబుతుంటే చెరువులో మోకాళ్ళ దాకా దిగి ధర్మోదకాలు విడిచాను. మంచు విడిచి నెల కూడా సరిగా కాని నీళ్ళు. మూడో దోసిలికే వేళ్ళు కొయ్యబారి, నువ్వులు గోళ్ళ సందుల్లోనే ఉండిపోయాయి. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడిన మా ఆవిడ నా చేతులను తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క గింజా తీసింది. ఆ దుఃఖం ఇంకా నాలో ఉంది, కానీ దాన్ని ఒంటరితనం అనడానికి నాకు నోరు రాదు.

సంక్రాంతికి ముందు చెరువు మళ్ళీ గడ్డకట్టింది. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుందనీ, చెరువు మొత్తం ఆ మేరకు చల్లారాకే పైపొర గడ్డకట్టడం మొదలవుతుందనీ నేను వివరిస్తుంటే ఆవిడ ఓపిగ్గా విన్నది. ఒక రాత్రి చలి ముదిరి మంచు పగులుతున్నప్పుడు, దూరాన ఎవరో పెద్ద డప్పు మీద ఒక్క దెబ్బ కొట్టినట్టు వినిపించింది. నేను ఉలిక్కిపడ్డాను. "నాకిది కొత్త కాదు, 1984లో విన్నాను" అంది ఆవిడ.

అప్పుడు మేము చెరువు పక్కనే ఒక చిన్న అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. ఉన్న ఒక్క కారూ తీసుకుని నేను పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోయేవాణ్ణి. చంకలో పసిబిడ్డ, వారాల తరబడి రాని నీలం ఏరోగ్రాము ఉత్తరాలు, కిటికీ అవతల ఆ చప్పుడు. "ఆ చలికాలం మొత్తంలో నాతో తెలుగులో మాట్లాడిన మనిషి మీరొక్కరే, అదీ రాత్రి ఎనిమిది దాటాక" అని చెప్పింది. ఆ మాట వినడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. అది కూడా లాక్‌డౌన్ పుణ్యమే.

సంఘాన్ని తప్పుపట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. ఆ రోజుల్లో మన కుర్రాళ్ళు సరుకులు గుమ్మం ముందు పెట్టి, బెల్లు నొక్కి, ఆరడుగులు వెనక్కి జరిగి నవ్వుతూ చేతులూపిన దృశ్యం నేను మరచిపోలేను. జీవిత భాగస్వామిని అప్పుడే పోగొట్టుకున్నవారు ఆ హాలులో మాతోపాటు లేచి ఉంటారు. వారి బాధ వేరు, దాన్ని మా అనుభవంతో కొలవను. కానీ జుట్టు నెరిసినవాళ్ళందరినీ ఒకే జాలి కింద నిలబెట్టినప్పుడు అసలు ఒంటరివాళ్ళు కూర్చునే ఉండిపోయారు. భర్త ఉద్యోగ వీసాను బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, పని అనుమతి రాక, కారు నడపడం ఇంకా చేతకాక, ఈ ఊళ్ళో మొదటి చలికాలం గడిపిన అమ్మాయిలు ఆ హాలులో ఎందరున్నారు? మనవణ్ణి చూసుకోవడానికి ఆరు నెలలకని వచ్చి, పగలంతా వీధి వైపు చూస్తూ కూర్చునే తల్లిదండ్రులు ఎందరు?

కార్యవర్గానికి నా మనవి ఇది. మమ్మల్ని లేపి నిలబెట్టకండి, మాకు పని చెప్పండి. ఈ ఏడు కొత్తగా వచ్చిన కుటుంబాలకు అభ్యంతరం లేకపోతే వాళ్ళ ఫోన్ నంబర్లు ఇవ్వండి. పగటి పూట ఫోన్ చేయడానికి మాకు తీరిక ఉంది. మా ఆవిడ మరో రెండు మడత కుర్చీలు కొనిపించింది. మే నెల నుంచి వాన లేని ప్రతి సాయంత్రం ఆరు గంటలకు చెరువు గట్టున ఉంటాం. కారు లేనివారు కబురు చేస్తే నేనే వచ్చి తీసుకువెళ్తాను.