ముప్పావుతో భాగిస్తే ఇరవై: తిరగేసే ముందు అడగాల్సిన ప్రశ్న

ఒక సంఖ్యను 3/4తో భాగిస్తే 20 వచ్చింది. ఆ సంఖ్య ఎంత? ఏడో తరగతి పిల్లల ముందు ఈ లెక్క పెట్టి చూడండి. ఎక్కువగా వినిపించే జవాబు 80/3. భిన్నంతో భాగహారం కనబడగానే భిన్నాన్ని తిరగేసి గుణించాలని నేర్పాం కాబట్టి, వాళ్లు 20ని 4/3తో గుణించేశారు. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ అసలు జవాబు 15.

ఈ తప్పు పిల్లలకు తప్పులా కనిపించదు. గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అన్న నమ్మకం చిన్న తరగతుల నుంచే వాళ్ల మనసులో పాతుకుపోయి ఉంటుంది. రెండు, మూడు, పది లాంటి సంఖ్యలతో ఆడుకున్నన్నాళ్లూ అది నిజమే. అందుకే భాగించాక 20 వచ్చిందంటే, మొదట ఉన్నది 20 కన్నా పెద్దదే అయి ఉండాలని అనుకుంటారు. 80/3 అంటే 26కు పైమాటే. ఇంకేం, సరిపోయిందనిపిస్తుంది. పాత నమ్మకమూ తిరగేసే అలవాటూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నాయి. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టినంత మాత్రాన ఈ తప్పు పోదు. పిల్లవాడికి తన తప్పెక్కడుందో కనబడాలి.

కనబడాలంటే లెక్కలోకి ఒక వస్తువు రావాలి. మన దగ్గర కొంత నూనె ఉంది, ముప్పావు లీటరు సీసాల్లో పోస్తే సరిగ్గా 20 సీసాలు నిండాయి అనుకుందాం. మొత్తం నూనె ఎంత? ఇప్పుడు ఏ పిల్లవాడూ భిన్నాన్ని తిరగేయడు. సీసాకు ముప్పావు చొప్పున 20 సీసాలు, అంటే 15 లీటర్లు అని నోటితోనే చెప్పేస్తాడు. నూనె లీటర్లు 15, సీసాలు 20. భాగిస్తే వచ్చిన సంఖ్య పెద్దదెందుకైందో కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో సీసాలో లీటరు కన్నా తక్కువ పడుతుంది కాబట్టి లీటర్ల కన్నా సీసాలే ఎక్కువవుతాయి.

ఈ నూనె నుంచి మూడు ప్రశ్నలు పుడతాయి. 15 లీటర్లను ముప్పావు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు? 20 ముప్పావు సీసాల్లో పట్టిన నూనె ఎంత? 15 లీటర్లు 20 సీసాల్లో సమంగా పోస్తే సీసా ఎంతది? మూడింట్లోనూ ఉన్నది ఒకే సంబంధం. ఒక్కోసారి ఒక్కో సంఖ్య దాక్కుంటుంది, అంతే. తిరగేసి గుణించే సూత్రం నేరుగా పనికొచ్చేది మొదటి ప్రశ్నకే. రెండోదానికి మామూలు గుణకారం చాలు. మూడోదానికి 15ని 20తో భాగిస్తే 3/4 వచ్చేస్తుంది. మనం మాత్రం మొదటిదాన్నే పదుల సార్లు చేయించి, మిగతా రెండూ అవే వచ్చేస్తాయని వదిలేస్తున్నాం.

మూడో ప్రశ్నను సమీకరణంగా రాస్తే ఇంకో చిక్కు వస్తుంది. 15 ÷ x = 20. అటువైపు పోతే భాగహారం గుణకారమవుతుందని పక్షాంతరం పాఠంలో చెబుతాం. ఆ మాట పట్టుకుని 15ను అటు పంపి, 20 × 15 = 300 అంటారు కొందరు. మూడు వందల లీటర్ల సీసా! 15 లీటర్ల నూనె అందులో అడుగు కూడా తడపదు. ఇక్కడ భాగించేది x. దాన్ని గుణకారంగా అటు పంపితే 15 = 20 × x అవుతుంది, ఆ తర్వాత దారి తేలికే. చాలా పుస్తకాల్లో భిన్నాల పాఠం ఒకచోట, సమీకరణాల పాఠం ఇంకోచోట ఉంటాయి. భిన్నంతో భాగహారంలో తెలియని సంఖ్యను కనుక్కోవడం ఆ రెండూ కలిసే చోటు. అక్కడ నిలబడి కాసేపు మాట్లాడే తీరిక మన టైమ్‌టేబుల్‌లో దొరకడం లేదు.

అసలు తిరగేయడం ఎందుకు పనిచేస్తుంది? ఒక్క లీటరు నూనె తీసుకుని ముప్పావు సీసాలో పోయండి. ఒక సీసా నిండింది, పావు లీటరు మిగిలింది. ఈ పావు లీటరును రెండో సీసాలో పోస్తే ఎంత వరకు వస్తుంది? చాలామంది పావు సీసా అంటారు. కాదు. సీసాకు పట్టేదే మూడు పావులు, అందులో ఒక పావు పోశాం, అంటే మూడో వంతు నిండింది. కాబట్టి ఒక లీటరుకు ఒకటీ మూడో వంతు సీసాలు, అంటే 4/3. పదిహేను లీటర్లకు 15 × 4/3. తిరగేసిన భిన్నం ఎక్కడినుంచో ఊడిపడలేదు, లీటరుకు ఎన్ని సీసాలో చెప్పే సంఖ్య అది. ఈ ఒక్క మెట్టు దగ్గర ఒక పీరియడ్ మొత్తం గడిపినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఈ నియమం మన దేశంలో కొత్తదేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు భాజకంలోని హారాన్ని లవంగా, లవాన్ని హారంగా మార్చి, ఆపైన గుణకారంలాగే చేయమన్నాడు. ఆయన గణితాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంతకన్నా ముందే, 499 నాటి ఆర్యభటీయంలో తెలియని సంఖ్యను పట్టుకునే దారి ఒకే శ్లోకంలో ఉంది. ముందుకు వెళ్లేటప్పుడు గుణించినవి వెనక్కి వచ్చేటప్పుడు భాగించాలి, భాగించినవి గుణించాలి, కలిపినవి తీసేయాలి, తీసేసినవి కలపాలి. మన మొదటి లెక్కకు కావాల్సింది ఆర్యభటుడి మాట. 3/4తో భాగించారు కాబట్టి వెనక్కి వస్తూ 3/4తో గుణించాలి. పిల్లలు వేసింది మహావీరుడి మాట. రెండు నియమాలూ నిజమైనవే. ఏది ఎప్పుడు వాడాలో తెలియకపోవడమే ఇబ్బంది.

ఈ తడబాటు పిల్లలతో ఆగదు. గణిత బోధనపై పరిశోధన చేసిన లిపింగ్ మా 1999లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైమరీ టీచర్లకు ఒకటీ ముప్పావును సగంతో భాగించే లెక్క ఇచ్చి, దానికి తగ్గ కథ లెక్క కూడా అల్లమన్నారు. చైనాలో అడిగిన 72 మందీ లెక్క సరిగ్గా చేశారు, కథ కూడా ఎక్కువమంది సరిగ్గానే అల్లారు. అమెరికాలో అడిగిన 23 మందిలో సగం మంది కూడా సరైన జవాబు దాకా రాలేదు, సరైన కథ అల్లినవారు ఒక్కరే. చాలామంది ఇద్దరికి పంచే కథ చెప్పారు, అది రెండుతో భాగించడం. ఇక పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం బాగా వచ్చిన పిల్లలు హైస్కూల్ ఆల్జీబ్రాలో ముందుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సీగ్లర్ బృందం అమెరికా, బ్రిటన్ సమాచారం ఆధారంగా 2012లో చూపించింది. తెలివితేటల్లో, ఇంటి ఆదాయంలో తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలబడింది.

మన దగ్గర ఈ లోటు బయటపడేది పోటీ పరీక్షల కోచింగ్‌లో. అక్కడ పాతకాపు లాంటి లెక్క ఒకటుంది: ఒక సంఖ్యను 4/5తో గుణించమంటే ఒకరు పొరపాటున 4/5తో భాగించారు, రావాల్సినదాని కన్నా 36 ఎక్కువ వచ్చింది, ఆ సంఖ్య ఎంత? దీనికో షార్ట్‌కట్ బట్టీ పట్టిస్తారు. పరీక్షలో 36 ఎక్కువ అనే బదులు తక్కువ అనో, రెట్టింపు అనో మారిస్తే టెన్షన్ మొదలు. నిదానంగా చూస్తే, సంఖ్యకు 5/4 వంతు నుంచి 4/5 వంతు తీసేస్తే 9/20 వంతు మిగులుతుంది, అది 36. అంటే సంఖ్య 80. భాగిస్తే 100, గుణిస్తే 64, తేడా 36. ఇలా వెనక్కి వెళ్లి సరిచూసుకోవడానికి అర నిమిషం పట్టదు. పన్నెండేళ్లప్పుడు అలవాటు కావాల్సిన పని అది.

పుస్తకం మార్చే దాకా ఆగక్కర్లేదు. యూనిట్ టెస్టులో ఈ మూడు రకాల ప్రశ్నలూ పక్కపక్కనే ఇవ్వొచ్చు. పెన్ను పెట్టే ముందు, రాబోయే జవాబు లెక్కలో ఇచ్చిన సంఖ్య కన్నా పెద్దదా చిన్నదా, ఎందుకు అని ఒక వాక్యం రాయించి దానికో మార్కు, సరిచూసినందుకు ఇంకో మార్కు ఇవ్వొచ్చు. టీచర్ ట్రైనింగ్ ఇచ్చే డైట్ కాలేజీల్లో ఛాత్రోపాధ్యాయులకు ఒకటీ ముప్పావును సగంతో భాగించే కథ లెక్క ఒకటి సొంతంగా రాయమని చెప్పి, అందులో మూడు సంఖ్యలనూ వంతులవారీగా దాచి ప్రశ్నలు తయారు చేయించొచ్చు. అది రాయగలిగిన టీచరు తిరగేయమని చెప్పినప్పుడు, ఎందుకని అడిగిన పిల్లకు జవాబు చెప్పగలుగుతారు.