నిన్నటి అన్నం, అర గంట సమయం, గ్రౌండ్ బీఫ్ ఫ్రైడ్ రైస్

తెలుగు సంఘాల పత్రికలు తిరగేస్తే వంటల పేజీల్లో ఎక్కువగా కనబడేవి పండగ వంటలే. అరిసెల పాకం గురించీ బొబ్బట్ల పూర్ణం గురించీ ఎంతైనా చదువుకోవచ్చు. మంగళవారం సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరి, ఏడున్నరకల్లా పిల్లలకి వేడిగా ఏదో ఒకటి పెట్టాల్సినవాళ్లకి మాత్రం అక్కడ దొరికేది తక్కువ. ఇక బీఫ్ ఊసైతే దాదాపు ఉండదు. పెద్దకూర తరతరాలుగా వండుకుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ముస్లింలవి, క్రైస్తవులవి, దళితులవి. అమెరికా వచ్చాక తినడం మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల రోజువారీ వంటకీ ఈ పేజీల్లో చోటుండాలి. తిననివాళ్లు ఇదే పద్ధతిలో మేక కీమా గానీ గ్రౌండ్ చికెన్ గానీ వాడుకోవచ్చు.

ఈ వంటకి మాంసం ముక్కలు కోసే పని లేదు, కుక్కర్ కూతలు లెక్కపెట్టే పని లేదు. అయినా చాలాసార్లు అన్నం ముద్దయిపోయి, మాంసం బూడిద రంగులో ఉడికిపోయి వస్తుంది. అప్పుడు మసాలా చాలలేదనుకుని మరో చెంచా గరం మసాలా వేస్తారు. లోపం మసాలాలో లేదు, తడిలో ఉంది. రెస్టారెంట్‌లో వోక్ (గుంట బాణలి) కింద మంట గంటకి లక్ష బీటీయూ (మంట వేడిని కొలిచే యూనిట్) దాటగలదు. ఇంటి గ్యాస్ పొయ్యిలో పెద్ద బర్నర్ కూడా సాధారణంగా 12,000 నుంచి 18,000 లోపే. ఆ మంట మీద అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు ఇగిరేలోపు అన్నం మెత్తబడిపోతుంది. అందుకే ఒక్కో పదార్థాన్ని విడిగా వేయించి, దాని తడి పోయాకే తర్వాతది వెయ్యాలి.

నలుగురికి ఒక పౌండు మాంసం, నాలుగు కప్పుల చల్లటి అన్నం, మూడు గుడ్లు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క, మూడు పచ్చిమిరపకాయలు, ఒక కప్పు ఫ్రోజెన్ బఠాణీ క్యారెట్, రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ నువ్వుల నూనె, గుప్పెడు ఉల్లికాడలు సరిపోతాయి.

అన్నానికి సోనా మసూరి చక్కగా పనికొస్తుంది, జాస్మిన్ బియ్యమే కావాలని లేదు. పప్పులోకి, చారులోకి వండేటప్పుడు కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు పోస్తే, దీనికి కప్పున్నర చాలు. రాత్రి వండి ఫ్రిజ్‌లో పెడితే మెతుకు పైన తడి ఆరి, లోపల గట్టిపడి, మర్నాడు విడివిడిగా వేగుతుంది. ముందుగా వండిన అన్నం లేకపోతే వేడన్నాన్ని బేకింగ్ ట్రేలో పల్చగా పరిచి ఇరవై నిమిషాలు ఫ్యాన్ కింద ఆరబెట్టినా సరే.

అయితే కుక్కర్ ఆపేసి, అన్నాన్ని అందులోనే తెల్లారేదాకా వదిలెయ్యడం మంచిది కాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి పెరిగి వదిలే, వాంతులు కలిగించే విషం మళ్లీ వేయించినా పోదు. వండిన రెండు గంటల్లోపే లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి.

మాంసం కొనేటప్పుడు ప్యాకెట్ మీద 85/15, అంటే 15 శాతం కొవ్వు, అని ఉన్నది చూసుకోండి. 80/20 రుచిగానే ఉంటుంది గానీ పౌండుకి దాదాపు 90 గ్రాముల కొవ్వు, అందులో చాలా భాగం పెనంలోకి కరిగి వస్తుంది. 93/7 త్వరగా ఎండిపోయి గరుగ్గా తయారవుతుంది. అదే వాడాలనుకుంటే పావు టీస్పూన్ బేకింగ్ సోడాని చెంచాడు నీళ్లలో కలిపి, మాంసానికి పట్టించి పదిహేను నిమిషాలు ఉంచండి. అది మాంసంలోని నీటిని బయటికి పోనివ్వదు, రంగు కూడా త్వరగా తిరుగుతుంది. హలాల్ దుకాణంలో అప్పటికప్పుడు ఆడించుకునేవాళ్లు కొవ్వు ఎంత కలపాలో చెప్పి, ఒక్కసారే ఆడించమంటే పలుకు నిలుస్తుంది.

కీమాని నాలుగు నీళ్లలో కడగడం మనలో చాలామందికి అలవాటు. గ్రౌండ్ బీఫ్‌ని కడగకండి. కడిగితే బాక్టీరియా సింకంతా చిమ్ముతుంది, మాంసం నీళ్లు పీల్చుకుని వేగడానికి బదులు ఉడుకుతుంది. ప్యాకెట్‌లోంచి తీసి పేపర్ టవల్‌తో అద్దితే చాలు.

పన్నెండు అంగుళాల కాస్ట్ ఐరన్ లేదా కార్బన్ స్టీల్ పెనం వాడండి. నాన్‌స్టిక్‌ని ఇంత వేడి మీద పెట్టడం దాని పూతకి మంచిది కాదు. ముందు గుడ్లు కొట్టి, పూర్తిగా గట్టిపడకముందే తీసి పక్కన పెట్టండి. పెనం బాగా కాగాక చెంచా నూనె వేసి, మాంసాన్ని రొట్టెలా అదిమి పరిచి, మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకండి. ఈ వంటలో రుచంతా అడుగున పట్టే ఆ ముదురు గోధుమ రంగులోనే ఉంది. వేసిన క్షణం నుంచీ కలిపితే ఆ రంగు రాదు. నీళ్లు ఊరితే కంగారు పడి అన్నం వేసెయ్యకండి. కుతకుత చప్పుడు చిటపటగా మారేదాకా ఆగండి. పెనం చిన్నదైతే అర పౌండు చొప్పున రెండుసార్లు వేయించడమే మేలు. తర్వాత చిన్న పలుకులుగా విడగొట్టాలి. గ్రౌండ్ బీఫ్‌కి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 160 డిగ్రీల ఫారెన్‌హీట్‌ని ఇలా వేగేసరికి దాటేస్తాం. చికెన్, టర్కీ అయితే 165.

రెండు టేబుల్ స్పూన్ల కొవ్వు ఉంచి మిగతాది తీసెయ్యండి, సింకులో మాత్రం పొయ్యొద్దు. మాంసం పక్కకి తీసి అదే కొవ్వులో ఉల్లిపాయ, తర్వాత సన్నగా తరిగిన అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించండి. సీసాలో అమ్మే అల్లం వెల్లుల్లి పేస్టులో నీళ్లుంటాయి, అడుగంటుతుంది, పులుపు వాసన కూడా వేస్తుంది. కూరగాయల తడి ఆరాక అన్నం వేసి, అదిమి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి తిరగెయ్యండి. అప్పుడు మాంసం, గుడ్డు కలపండి.

సోయా సాస్ అన్నం మీద కాకుండా పెనం అంచుల మీద పొయ్యాలి. వేడి లోహం తగిలి కాస్త మాడితేనే దాని వాసన బయటికొస్తుంది. ఉప్పు ముందుగా వెయ్యకండి. టేబుల్ స్పూన్ మామూలు సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. చివర రుచి చూసి, అవసరమైతేనే వేసుకోండి. పొయ్యి ఆపాక మిరియాల పొడి, నువ్వుల నూనె, ఉల్లికాడలు.

గరం మసాలా, పసుపు, ధనియాల పొడి దీంట్లో వద్దని మా గట్టి అభిప్రాయం. వేగిన బీఫ్ రుచిని అవి కప్పేస్తాయి. అవి కావాలంటే కీమా పులావ్ ఉంది, దాని పద్ధతే వేరు. మన ఊళ్లలో బండి మీద అమ్మే ఫ్రైడ్ రైస్ రుచి కోరేవాళ్లు చెంచాడు వెనిగర్, పావు టీస్పూన్ అజినొమోటో వేసుకోవచ్చు. అజినొమోటో అంటే భయపడాల్సిన పనిలేదు, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని సురక్షితమైన పదార్థాల్లోనే చేర్చింది. క్యాబేజీ వేస్తే మాత్రం విడిగా పెద్ద మంట మీద వేయించి కలపండి, లేకపోతే తడి సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు లంచ్ బాక్సుకి పనికొస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టేముందు చెంచాడు నీళ్లు చిలకరించి, మూత పెట్టి, పొగలొచ్చేదాకా వేడి చెయ్యండి. ఒకసారి వేడి చేసినదాన్ని మళ్లీ దాచొద్దు.