అటక దులిపిన అన్నదానం

దానానికి వస్తువును ఎంచుకోవడం మామూలు విద్య కాదు. మా విశాఖపట్నంలో అది శాస్త్రం స్థాయికి చేరింది. కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రికి దగ్గరలో, రోగుల వెంట వచ్చేవాళ్ళ కోసం మేం కొందరం కలిసి నడుపుతున్న చిన్న ఆహార బ్యాంకులో ఆదివారాలు బల్ల వెనక కూర్చునే వాడిని కాబట్టి, ఆ శాస్త్రంలోని మూలసూత్రాలు నాకు కంఠతా వచ్చాయి. ఇంట్లో ఎవరూ తిననిది ఉత్తమ దానం. పనిమనిషి కూడా వద్దన్నది అత్యుత్తమం. పురుగు పట్టిన రవ్వ అయితే అన్నదానంతో పాటు జీవకారుణ్యం కూడా కలిసివస్తుంది.

బీచ్ రోడ్డులో నాలుగు రోజులు నడిచి ఐదో రోజు మానేసినవారి ఓట్స్ మాకు వస్తాయి. ఒంట్లో కొవ్వు కరిగించే గ్రీన్ టీ వస్తుంది. రెండు రోజులుగా సరైన తిండి లేని మనిషికి ఒళ్ళు తగ్గే టీ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వారి దూరదృష్టికి దండం పెట్టాలి. క్వినోవా అనే విదేశీ ధాన్యం వస్తుంది. దాన్ని కడిగి, నానబెట్టి, సన్నని సెగ మీద ఉడికించాలట. పాడేరు నుంచో, కోరాపుట్ నుంచో వచ్చి, చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్న మనిషి సన్నని సెగ ఎక్కడ పెట్టాలో మాత్రం పొట్లం మీద రాయలేదు.

ఇక ఆలివ్ కాయల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మా కాలనీలో ఒక రిటైర్డ్ పెద్దమనిషి ఉన్నారు. అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చిన ఆలివ్ కాయల సీసా ఒకటి వారింట ఏడాదిగా అటక మీద తపస్సు చేసుకుంటోంది. ఒక ఆదివారం దాన్ని దింపి, తుడిచి, బొట్టు పెట్టినంత పని చేసి మా దగ్గరకు తెచ్చారు. చేతికిస్తూ ఫొటో తీయించుకున్నారు. మొదటి ఫొటోలో సీసా మీది అక్షరాలు సరిగా కనబడలేదని రెండోది తీయించుకున్నారు. ఆ ఊపులో డొక్కా సీతమ్మగారిని కూడా తలుచుకున్నారు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకు సైతం పొయ్యి వెలిగించి వండిపెట్టింది. అటక మీద ఏముందోనని నిచ్చెన వెతికినట్టు మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు.

మధ్యాహ్నం ఒక అమ్మ వచ్చింది. భర్తకు ఆపరేషనట, వచ్చి తొమ్మిది రోజులైందట. ఉప్పునీళ్ళలో పచ్చగా మెరుస్తున్న కాయల్ని చూసి ఉసిరికాయలనుకుంది. అన్నంలో నంజుకోవచ్చని సంతోషంగా తీసుకెళ్ళింది. అరగంట గడిచిందో లేదో, సీసా మూత గట్టిగా బిగించి, కొంగులో చుట్టి తిరిగి తెచ్చింది. చుట్టూ చూసి, నా దగ్గరకు వంగి, గొంతు తగ్గించి చెప్పింది.

"బాబూ, ఇవి పాడైపోయాయి. ఒకటి కొరికి చూశాను. ఇచ్చినవాళ్ళకు తెలియక ఇచ్చి ఉంటారు, పాపం. వాళ్ళింట్లో ఇంకో సీసా ఉందేమో, పిల్లలు తినకుండా చూసుకోమని చెప్పండి."

తొమ్మిది రోజులుగా ఆస్పత్రి గుమ్మంలో ఉన్న మనిషి, అమెరికా అబ్బాయి గారింటి పిల్లల కడుపు గురించి దిగులు పడింది. నేను ఆమెకు అటుకులు, బెల్లం, నాలుగు అరటిపళ్ళు ఇచ్చాను. ఆమె కబురు పెద్దమనిషికి చేరవేస్తే, ఆయన నొచ్చుకుని, "మంచి వస్తువు విలువ అందరికీ తెలియదండీ" అన్నారు.

నిజానికి ఏమివ్వాలో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆస్పత్రి దగ్గర ఉన్నవాళ్ళకు పొయ్యి లేదు కాబట్టి వండకుండా తినేవి కావాలి: అటుకులు, మరమరాలు, పల్లీ చిక్కీ, బ్రెడ్డు, పళ్ళు. కంచరపాలెంలోనో గాజువాకలోనో అద్దె గదుల్లో ఉండి మా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందికి రేషన్ బియ్యం మనిషికి 5 కిలోల చొప్పున వస్తాయి. వాళ్ళకు కటకటలాడేది కందిపప్పు, నూనె, చింతపండు. ఈ మాట బోర్డు మీద రాసి పెట్టాం. బోర్డు చదివినవాళ్ళు చేతిరాత బాగుందన్నారు.

ఇంతవరకు నవ్వుకుందాం, పరవాలేదు. కిందటి నెల ఒకాయన పసిపిల్లల పాలపొడి డబ్బా తెచ్చారు. గడువు తీరి ఎనిమిది నెలలైంది. తేదీ చూపించాను. "మూత తీయలేదు కదండీ" అన్నారు. గడువు దాటితే అమ్మకూడదని నిబంధన ఉందండీ అన్నాను. "అమ్మకూడదన్నారు గానీ, ఇవ్వకూడదనలేదు కదా" అన్నారు, కోర్టులో గెలిచినంత తృప్తిగా.

పాలపొడి విషయంలో ఇవ్వకూడదనే చట్టం ఉంది మహాశయా, 1992 నుంచి ఉంది. అనాథాశ్రమాలకు తప్ప ఇలా దానంగా పంచడమే నిషేధం. అసలు చట్టం ఎందుకు? మీ మనవడికి ఆ పొడి కలిపి పడతారా? పట్టరు. అందుకే కదా ఇక్కడికి తెచ్చారు! చెత్తబుట్టలో వేయడానికి మనసు రాలేదు, ఇంకొకరి బిడ్డ నోట్లో పోయడానికి వచ్చింది. పేదవాడి కడుపు మీ ఇంటి చెత్తకుండీ అని మీకు ఎవరు చెప్పారు? పైగా దానికి పుణ్యం కూడా కావాలా!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు దొరికితే పండగ. మేడలవాళ్ళం, పాకలవాళ్ళం ఒకే ట్యాంకరు ముందు బిందెలు పట్టుకుని నిలబడ్డాం. ఆలివ్ పెద్దమనిషి నాకు ముందు మూడో మనిషి. ఆ రోజు ఎవరైనా ఆయన బిందెలో మురికినీళ్ళు పోసి "విలువ తెలియదు" అని ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు. ఆయన గొంతు పెద్దది.

ఆ సీసాను పారేయలేదు. మా రిజిస్టరు కాగితాలు గాలికి ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాం. అది దానంగా వచ్చాక ఎవరికైనా పనికొచ్చింది అదొక్కసారే. మొన్న ఆయన ఫోన్ చేశారు. అబ్బాయి వచ్చే వారం వస్తున్నాడట, వచ్చీ రాగానే ఆలివ్‌లు ఏమయ్యాయని అడుగుతాడట. "ఎవరూ తీసుకోకపోతే ఒక్కసారి తిరిగి ఇవ్వగలరా?" అన్నారు.

తప్పకుండా ఇస్తానన్నాను. ఒక కాయ మాత్రం తగ్గిందని చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఎవరు తిన్నారు?" అని అడిగారు.