ఐసీయూలో ఏఐ ‘తన ఖర్చు తానే రాబట్టుకుంటుంది’ అన్న లెక్క నిలుస్తుందా?

ఐసీయూలలో కృత్రిమ మేధ గురించి ఒక లెక్క కొంతకాలంగా విస్తృతంగా ప్రచారమవుతోంది. సాఫ్ట్‌వేర్ సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితిని, ముందే పసిగడుతుందని, దానివల్ల రోగి ఐసీయూలో ఉండే కాలం ఒక రోజు తగ్గుతుందని, ఆ ఒక్క రోజు బిల్లును ఏడాదిలో వచ్చే రోగుల సంఖ్యతో గుణిస్తే లైసెన్సు రుసుముకు ఎన్నో రెట్లు మిగులుతుందని దాని సారాంశం. గుణకారం సరిగ్గానే ఉంది గానీ, అందులో వేసిన అంకెలు నిలవవు.

ఒక రోజు తగ్గితే ఒక రోజు బిల్లంతా మిగులుతుందన్నది మొదటి పొరపాటు. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి ఖర్చులపై 1999లో వెలువడిన అధ్యయనం, వాటిలో 84 శాతం జీతాలు, భవనాలు, పరికరాల వంటి స్థిర వ్యయమేనని తేల్చింది. రోగి ఒక రోజు ముందు వెళ్లిపోయినంత మాత్రాన నర్సు జీతం ఆగదు. ఆగేవి ఆ రోజు మందులు, పరీక్షలు మాత్రమే. పైగా తగ్గేది ఎప్పుడూ చివరి రోజే. అమెరికా ఆసుపత్రుల సమాచారంతో 2005లో వచ్చిన మరో అధ్యయనంలో, వెంటిలేటర్‌పై ఉన్న రోగికి మొదటి రోజు సగటు ఖర్చు 10,794 డాలర్లు కాగా, మూడో రోజు నుంచి అది రోజుకు 3,968 డాలర్లకు దిగింది. సగటు రోజు ధరను ఈ చివరి రోజుకు అంటగట్టడం వల్లే ఆదా అంతగా ఉబ్బి కనిపిస్తోంది. ఖాళీ అయిన మంచం కోసం క్యాజువాలిటీలో మరొకరు ఎదురుచూస్తుంటే అది నిజమైన ప్రయోజనమే, అయితే ఆ కొత్త రోగికి అయ్యే ఖర్చునూ లెక్కలో చూపాలి.

‘ముందే పసిగడుతుంది’ అన్న మాటకు వస్తే, ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎపిక్ సంస్థ సెప్సిస్ సాధనాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో పరీక్షించి 2021లో ప్రచురించిన ఫలితాలను చూడాలి. ఐసీయూకే పరిమితం కాని ఆ పరిశీలనలో అది 67 శాతం సెప్సిస్ రోగులను గుర్తించలేకపోయింది. హెచ్చరిక వచ్చిన వారిలో నిజంగా సెప్సిస్ ఉన్నది 12 శాతం మందికే. తక్కిన హెచ్చరికలూ ఉచితం కావు. రాత్రి మూడు గంటలకు అలాంటిది ఒకటి మోగితే నర్సు చేతిలోని పని వదిలి వచ్చి బీపీ మళ్లీ చూడాలి, యూరిన్ బ్యాగ్ కొలవాలి, డ్యూటీ డాక్టర్‌ను లేపాలి, లాక్టేట్, కల్చర్ పరీక్షలకు రక్తం పంపాలి. కొన్నిసార్లు, అవసరం లేని యాంటీబయాటిక్ కూడా మొదలవుతుంది.

వేరొక సెప్సిస్ సాధనంపై అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన ఐదు ఆసుపత్రులలో జరిగి 2022లో వెలువడిన అధ్యయనం మెరుగైన ఫలితమే చూపింది: హెచ్చరికను వైద్యులు మూడు గంటల్లోగా ధ్రువీకరించిన రోగుల్లో మరణాలు 3.3 శాతం పాయింట్లు తక్కువ. ఇది చిన్న విషయం కాదు. కాకపోతే అక్కడ పోల్చింది వెంటనే స్పందన దొరికిన రోగులను దొరకని రోగులతోనే గానీ, సాఫ్ట్‌వేర్ ఉన్న, లేని ఐసీయూలను యాదృచ్ఛికంగా ఎంచి కాదు.

లైసెన్సు ఒక్కటే ఖర్చు అనుకోవడం మరో పొరపాటు. గంటగంటకూ నర్సు కాగితంపై చార్టు రాసే ఐసీయూలో ఆ అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే మానిటర్లను అనుసంధానించాలి, లేదా ఒక మనిషిని పెట్టాలి. ఐసీయూలో ఇలాంటి సెప్సిస్ సాధనం వాడితే ఎంత మిగులుతుందో స్వీడన్ పరిస్థితులకు వేసి 2022లో ప్రచురించిన ఒక నమూనా లెక్కలో, రోగికి సుమారు 16,500 యూరోల ఖర్చు మీద మిగిలింది 76 యూరోలు. ఇంత సన్నని మిగులును మన దగ్గర అనుసంధాన ఖర్చు ఒక్కటే మింగేయగలదు.

ఆ మిగిలేది కూడా ఎవరికి? ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ధర ముందే ఖరారై ఉంటుంది కనుక రోజు తగ్గితే లాభం ఆసుపత్రిది, ప్రభుత్వం చెల్లించేది మారదు. రోజువారీ బిల్లు కట్టే కుటుంబానికైతే అదే రోజు ఆదా, ఆసుపత్రికి రాబడి నష్టం. ప్రచారంలో ఉన్న లెక్క ఇందులో ఎవరి జేబు గురించి మాట్లాడుతోందో ఎక్కడా చెప్పదు.