గర్భసంచి తీయించుకోవడం క్యాన్సర్ నివారణ కాదు

"తెల్లబట్ట అవుతుంటే, పిల్లలు చాలనుకున్నవాళ్లు గర్భసంచి తీయించుకోవడమే క్యాన్సర్‌కు విరుగుడు, ఏ బాధా లేనివాళ్లకు పరీక్షలు దండగ, ఆడపిల్లలకు టీకా వేయిస్తే ఖమ్మంలో జరిగిందే జరుగుతుంది" అనే సందేశం వరంగల్, నర్సంపేట వైపు మహిళా సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

ఇందులో మొదటి మాటే అన్నిటికన్నా హానికరమైనది. తెల్లబట్ట చాలామందిలో మందులతో తగ్గే మామూలు ఇన్ఫెక్షన్ వల్ల అవుతుంది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరసే మూలం. ఆ వైరస్ సోకినా ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయినవారిలోనూ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చే జబ్బుకు భయపడి నలభై నిండకుండానే గర్భసంచిని, చాలాసార్లు దానితోపాటు అండాశయాలను కూడా తీయించుకున్న మనిషికి ముట్లు ముందే ఆగి ఎముకలు గుల్లబారితే, పత్తి ఏరడానికి వంగిన నడుము తిరిగి లేవడమే కష్టమవుతుంది. పెద్ద గడ్డలున్నా, క్యాన్సర్ తేలినా ఆపరేషన్ కావలసిందే, కాదనను. కానీ అది చికిత్స.

బాధ లేనివాళ్లకే ఈ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కావాలి, ఎందుకంటే రక్తం కనబడేనాటికి తరచుగా జబ్బు ముదిరి ఉంటుంది. పరీక్ష కూడా పెద్దదేమీ కాదు: వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే నీళ్లలో పలుచగా కలిపి, దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు, కణాల్లో మార్పు వచ్చిన చోట తెల్లని మచ్చ తేలుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి సుమారు లక్షన్నర మంది మహిళలపై జరిపిన అధ్యయనంలో, పదో తరగతి చదివిన కార్యకర్తలు శిక్షణ పొంది ఈ పరీక్షే చేయగా, ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ముట్లు ఆగినవారిలో మాత్రం ఈ పద్ధతి అంతగా పనికిరాదు, వారికి హెచ్‌పీవీ పరీక్ష మేలు.

ఇక ఖమ్మం మాట. 2009లో అక్కడా, గుజరాత్‌లోనూ జరిగిన, హెచ్‌పీవీని అడ్డుకునే టీకా ప్రాజెక్టు కాలంలో ఏడుగురు బాలికలు చనిపోయిన మాట నిజమే. వారి మరణాలకు పాముకాటు, నీటమునక, పురుగుమందు వంటివి కారణాలని, టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. అయితే తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లే వేలాది అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ సంఘం దీన్ని తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే, దాన్ని టీకా మీదికి మళ్లించడమే తప్పు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేసుకున్న ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ కనబడలేదని 2024లో వెల్లడైంది. టీకా అన్ని రకాల హెచ్‌పీవీలనూ ఆపదు కాబట్టి, వేయించుకున్నవారు కూడా ముప్పై దాటాక పరీక్షకు వెళ్లాలి.